పోలండ్‌లో డ్రోన్లు కూలిన తరువాత: ఒప్పందం ఉన్నంత మాత్రాన మిగతా దేశాలు యుద్ధంలోకి దిగవలసిందేనా?

ప్రశ్న: ఖమ్మం మాస్టారు

మా తమ్ముడి కూతురు పోలండ్‌లోని లూబ్లిన్ నగరంలో వైద్యవిద్య చదువుతోంది. ఆ ఊరికి ఉక్రెయిన్ సరిహద్దు వంద కిలోమీటర్ల లోపే ఉంటుంది. 2025 సెప్టెంబరు 10 తెల్లవారుజామున రష్యా డ్రోన్లు పోలండ్ గగనతలంలోకి చొరబడినప్పుడు, రాజధాని వార్సాతో పాటు లూబ్లిన్ విమానాశ్రయాన్ని కూడా కొన్ని గంటల పాటు మూసివేశారు. ఈసారి సెలవులకు ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయిన పిల్ల, ఫోను చేసి తనకేమీ కాలేదని చెప్పింది కానీ, ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ మనసు కుదుటపడలేదు. వార్తా ఛానళ్లలో ఎర్ర అక్షరాలతో మూడో ప్రపంచ యుద్ధం రోజుకు నాలుగుసార్లు మొదలవుతోంది. తమ్ముడు చదువు మాన్పించి పిల్లను తీసుకువచ్చేద్దామంటున్నాడు. మరదలు, ఇంత అప్పు చేసి పంపింది సగంలో వెనక్కి పిలవడానికా అంటోంది. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాడినని ఇద్దరూ తీర్పు నన్ను చెప్పమంటున్నారు.

నా ఇబ్బంది ఏమిటంటే, 1914లో ఒప్పందాలు గొలుసులా ఒకదానినొకటి లాగి ఐరోపా మొత్తాన్ని యుద్ధంలో పడవేశాయని ప్రతి ఏడాదీ పిల్లలకు చెప్పినవాడిని నేనే. ఆ పాఠమే నిజమైతే, పోలండ్ మీద ఒక క్షిపణి పడినా పోలండ్ సభ్యదేశంగా ఉన్న సైనిక కూటమి నాటోలోని 32 దేశాలూ మరునాడే యుద్ధంలో ఉండాలి. నాటో ఒడంబడికలోని ఐదవ అధికరణం నిజంగా అలా పనిచేస్తుందా? ఉత్తర కొరియా సైనికులు రష్యా పక్షాన పోరాడిన తరువాత కూడా దీనిని రెండు దేశాల యుద్ధమనే పిలవాలా? చరిత్ర తెలిసినవారు నిదానంగా వివరించగలరని కోరుతున్నాను.

జవాబు: పాతపటాలు

మాస్టారూ, ఆ పాఠాన్ని మాకందరికీ అలాగే చెప్పారు కనుక ఆ తప్పు మీ ఒక్కరిదీ కాదు. అయితే అందులో సగమే నిజం. జర్మనీ, ఆస్ట్రియా-హంగరీలతో ఇటలీకి 1882 నుంచి సైనిక ఒప్పందం ఉంది. 1914 జూలై 28న ఆస్ట్రియా సెర్బియాపై యుద్ధం ప్రకటించినప్పుడు, దాడికి దిగింది ఆస్ట్రియాయే కాబట్టి ఆత్మరక్షణ కోసం రాసుకున్న ఒప్పందం తనకు వర్తించదని చెప్పి ఇటలీ తటస్థంగా ఉండిపోయింది. తరువాతి మే నెలలో ఎదుటి పక్షం తరఫున అదే ఆస్ట్రియాపై యుద్ధానికి దిగింది. ఇక ఫ్రాన్స్ కోసం పోరాడి తీరాలన్న ఒప్పందమేదీ లేని బ్రిటన్, ఆగస్టు 4న యుద్ధంలో చేరింది. బెల్జియం తటస్థతకు హామీ ఇచ్చిన 1839 నాటి ఒడంబడికను కారణంగా చూపింది కానీ, ఆ నిర్ణయానికి ముందు మంత్రివర్గం రోజుల తరబడి వాదించుకుంది, ఇద్దరు మంత్రులు రాజీనామా కూడా చేశారు. గొలుసే నిజంగా లాగి ఉంటే అంత వాదన అవసరమయ్యేది కాదు.

నాటో ఒడంబడిక రాసినవారికి ఈ చరిత్ర బాగా తెలుసు. 1949 ఏప్రిల్ 4న 12 దేశాలు సంతకం చేసిన ఆ పత్రంలో, ఒకరిపై సాయుధ దాడి జరిగితే దానిని అందరిపై జరిగిన దాడిగా భావిస్తామన్న మాట ఉన్నది నిజమే. అయితే ఆ వెంటనే, ప్రతి సభ్యదేశమూ తాను అవసరమనుకున్న చర్య తీసుకుంటుందని, ఆ చర్యలలో సాయుధ బలప్రయోగం కూడా ఉండవచ్చునని రాశారు. ఆ ‘అవసరమనుకున్న’ అనే మాట ఊరికే పడింది కాదు. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం ప్రకారం తమ కాంగ్రెసుదని, దానిని ఒక విదేశీ ఒడంబడికకు అప్పగించలేమని అమెరికా సెనేటు పట్టుబట్టినందువల్ల చేరిన మాట అది. ఈ అధికరణాన్ని ఇంతవరకు ఒకే ఒక్కసారి, 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత ప్రయోగించారు. అప్పుడు మిత్రదేశాలు చేసిన మొదటి పనులలో ఒకటి, అమెరికా గగనతలంలో కాపలా తిరగడానికి నాటో నిఘా విమానాలను పంపడం.

పోలండ్ మొన్న కోరింది నాలుగవ అధికరణం కింద చర్చను. భద్రతకు ముప్పు ఉందని భావించిన సభ్యదేశం మిగతావారిని కూర్చోబెట్టి మాట్లాడమనడమే దాని సారాంశం. తమ గగనతలంలోకి 19 చొరబాట్లు జరిగాయని పోలండ్ ప్రధాని టుస్క్ ఆ రోజే పార్లమెంటుకు చెప్పారు. డ్రోన్లను కూల్చినవాటిలో పోలండ్ విమానాలతో పాటు నెదర్లాండ్స్ విమానాలు కూడా ఉన్నాయి. అంటే నాటో విమానాలు తమ గగనతలంలోనే రష్యా డ్రోన్లపై కాల్పులు జరిపాయి. అయినా జరిగింది చర్చే.

మీ అమ్మాయి ఉన్న లూబ్లిన్ ప్రాంతంలోనే, 2022 నవంబరు 15న ప్షెవోదూఫ్ అనే సరిహద్దు గ్రామంలో క్షిపణి పడి ఇద్దరు చనిపోయారు. ఆ రాత్రి ప్రపంచమంతటా రష్యా క్షిపణి అనే వార్త పాకింది. జీ-20 సమావేశానికి బాలిలో ఉన్న బైడెన్, క్షిపణి వచ్చిన మార్గాన్ని బట్టి చూస్తే రష్యా నుంచి ప్రయోగించింది కాకపోవచ్చునని కొన్ని గంటలలోనే చెప్పారు. మరునాటికి, అది రష్యా దాడిని అడ్డుకోవడానికి ఉక్రెయిన్ వదిలిన గగనతల రక్షణ క్షిపణి అయి ఉండవచ్చునని పోలండ్, నాటో కూడా ప్రకటించాయి. ఆ రాత్రి ఆగి చూశారన్నదే మీ ప్రశ్నకు నేనివ్వగలిగిన జవాబు.

జవాబు: మైలురాయి

పైన పాతపటాలు గారు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు. వాటి నుంచి వచ్చే నిశ్చింతతోనే పేచీ. ఒప్పందం ఎవరినీ బలవంతంగా లాగదు, సరే. కానీ ఒక్కొక్క మెట్టు దిగుతూ వెళ్లినవారు ఏ మెట్టు దగ్గర నీళ్లలో ఉన్నారో వారికే తెలియకపోవచ్చు. 2022 మార్చిలో ఉక్రెయిన్ గగనతలాన్ని మూసివేయమని జెలెన్‌స్కీ వేడుకుంటే, అలా చేస్తే రష్యా విమానాలను తామే కూల్చవలసి వస్తుందని నాటో నిరాకరించింది. అదే ఏడాది వేసవికి హైమార్స్ రాకెట్లు వెళ్లాయి. 2023 జనవరిలో లెపర్డ్, ఏబ్రమ్స్ ట్యాంకులకు ఒప్పుకున్నారు. 2024లో ఎఫ్-16 విమానాలు చేరాయి. ఆ నవంబరులో అమెరికా ఇచ్చిన అటాకమ్స్ క్షిపణులను రష్యా భూభాగం మీద వాడడానికి అనుమతి వచ్చింది. వీటిలో దాదాపు ప్రతిదానినీ మొదట ఇవ్వలేమన్నారు, తరువాత ఇచ్చారు. అటు పక్షం కూడా ఊరుకోలేదు. 2024 నవంబరు 19న రష్యా తన అణ్వాయుధ విధానాన్ని సవరించుకుని, అణ్వాయుధ దేశం అండతో అణ్వాయుధాలు లేని దేశం చేసే దాడిని ఉమ్మడి దాడిగా పరిగణిస్తామని రాసుకుంది. రెండు రోజుల తరువాత ద్నిప్రో నగరంపై ‘ఒరెష్నిక్’ అనే కొత్త క్షిపణిని ప్రయోగించింది.

ప్రతి మెట్టు దగ్గరా కొందరు కొంప మునిగిందన్నారు, మునగలేదు. దానిని చూసి, ఇక మునగదని అనుకోవడం నాకు భయం కలిగిస్తోంది. చెరువు కట్టకు ఎలుక బొరియలు పడినప్పుడు, నిన్న తెగలేదు కాబట్టి నేడు తెగదన్నవాడిని ఏ ఊళ్లోనూ తెలివైనవాడనరు.

ఉత్తర కొరియా సంగతి మాస్టారు సరిగానే అడిగారు. 2024 జూన్‌లో ప్యాంగ్యాంగ్‌లో పుతిన్, కిమ్ పరస్పర సైనిక సాయానికి ఒప్పందం చేసుకున్నారు. ఆ శరదృతువుకల్లా సుమారు పదివేల మందికి పైగా సైనికులు రష్యాకు చేరారు. అంతకు ముందు ఫిబ్రవరిలోనే ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, పాశ్చాత్య సైన్యాలను ఉక్రెయిన్ నేల మీదకు పంపే అవకాశాన్ని కొట్టివేయలేమన్నారు. దీనిని ఇంకా రెండు దేశాల యుద్ధమే అనడం నాకు నోరు రావడం లేదు.

జవాబు: గుంటూరు పాఠకుడు

ఇద్దరి మాటలనూ కలిపి ఆలోచించడానికి 1914 కన్నా 1950 ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. పైగా ఆ కథలో భారతదేశానికి ఒక పాత్ర ఉంది, దానిని మనమే మరచిపోయాం.

1950 జూన్ 25న ఉత్తర కొరియా రెండు కొరియాల మధ్య హద్దుగా ఉన్న 38వ అక్షాంశరేఖను దాటి దక్షిణ కొరియాపై దాడి చేసింది. అమెరికా నాయకత్వంలో ఐక్యరాజ్యసమితి సేనలు సెప్టెంబరు 15న ఇంచియాన్‌లో దిగిన తరువాత యుద్ధం తిరగబడింది, ఇక ఆ రేఖను ఉత్తరానికి దాటాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. అక్టోబరు 2 అర్ధరాత్రి దాటాక చైనా ప్రధాని చౌ ఎన్ లై, పెకింగ్‌లోని (నేటి బీజింగ్) భారత రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను నిద్రలేపి పిలిపించారు. దక్షిణ కొరియా సైనికులు దాటితే అది వేరే సంగతి కానీ, అమెరికా సేనలు దాటితే చైనా జోక్యం చేసుకుంటుందన్నది ఆయన ఇచ్చిన సందేశం. అమెరికాతో చైనాకు అప్పట్లో దౌత్య సంబంధాలు లేవు కాబట్టి ఆ మాట ఢిల్లీ మీదుగా వాషింగ్టన్ చేరింది. అక్కడివారు పణిక్కర్ చైనా పక్షపాతి అని, ఇదంతా బెదిరింపేనని కొట్టిపారేశారు. అక్టోబరు 15న వేక్ దీవిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ అడిగినప్పుడు, చైనా దిగే అవకాశం చాలా తక్కువని ఐక్యరాజ్యసమితి సేనల అధిపతి జనరల్ మెకార్థర్ చెప్పారు. నాలుగు రోజుల తరువాత, అక్టోబరు 19 రాత్రి, చైనా సేనలు కొరియా సరిహద్దులోని యాలూ నదిని దాటడం మొదలుపెట్టాయి. జనవరికల్లా సియోల్ రెండోసారి చేజారింది.

చైనాను అక్కడికి లాగింది ఏ అధికరణమూ కాదు. తన సరిహద్దు నది వరకు శత్రుసేన వస్తుందన్న భయం లాగింది, ఆ భయాన్ని ముందుగా చెప్పినా ఎదుటివారు నమ్మకపోవడం లాగింది. మైలురాయి గారి చెరువు కట్టలో నాకు కనిపించే అసలు బొరియ ఇది. ఆయుధం ఎంత పెద్దదన్నది ఒక ప్రశ్న. దానిని చూసి అవతలివాడు ఏమనుకుంటాడో ఇవతలివాడికి తెలుసా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

కథలో రెండో భాగం మరింత విచిత్రమైనది. చైనా తన సైన్యాన్ని ‘స్వచ్ఛంద సైనికులు’ అని పిలిచింది, దానివల్ల అమెరికాతో అధికారికంగా యుద్ధస్థితి ఏర్పడలేదు. సోవియట్ వైమానికులు మిగ్-15 విమానాలకు పరాయి గుర్తులు వేసి, చైనా దుస్తులు తొడుక్కుని అమెరికా విమానాలతో నేరుగా పోరాడారు; పట్టుబడకుండా ఉండడానికి సముద్రం మీదకు, శత్రువుల అధీనంలోని నేల మీదకు వెళ్లకూడదని వారికి ఆంక్ష ఉండేది. ఈ సంగతి అమెరికా ప్రభుత్వానికి తెలుసు. తెలిసీ బయటపెట్టలేదు, ఎందుకంటే బయటపెడితే సోవియట్‌పై ఏదో ఒకటి చేయమని స్వదేశంలో ఒత్తిడి పెరిగేది. అణ్వాయుధాలున్న రెండు మహాశక్తులు ఆకాశంలో ఒకరినొకరు కూల్చుకుంటూ, కింద మాత్రం అలాంటిదేమీ లేదని ఇద్దరూ కలిసి అబద్ధమాడారు. ఆ అబద్ధం యుద్ధాన్ని కొరియా ద్వీపకల్పం లోపలే ఉంచడానికి పనికివచ్చింది. యుద్ధాన్ని చైనాకు విస్తరించాలని బాహాటంగా వాదించిన మెకార్థర్‌ను 1951 ఏప్రిల్‌లో ట్రూమన్ పదవి నుంచి తొలగించారు.

కనుక మాస్టారూ, ఉత్తర కొరియా సైనికుల విషయంలో రష్యా, ఉత్తర కొరియా ప్రభుత్వాలు రెండూ నెలల తరబడి సూటిగా ఒప్పుకోకుండా 2025 ఏప్రిల్‌లో కానీ నోరు విప్పకపోవడాన్ని, ఆ సేనలను ప్రధానంగా రష్యా భూభాగమైన కుర్స్క్‌లో వాడడాన్ని, ఆ పాత అలవాటుకు కొనసాగింపుగానే నేను చూస్తాను. బుకాయిస్తున్నవాడికి ఇంకా వెనక్కి తగ్గే దారి మిగిలి ఉంటుంది. బుకాయించడం మానేసిన రోజున నేను ఎక్కువ భయపడతాను.

మైలురాయి

మంచి వివరణ. కానీ 1951లో ఆకాశంలో జరిగింది కింద ఎవరికీ కనిపించలేదు. నేడు డ్రోను కూలిన పొలంలో రైతు దాని ఫోటో తీసి పెట్టేసరికి మంత్రికి ఇంకా తెల్లవారదు. అందరూ చూస్తున్నప్పుడు చూడనట్లు నటించే సౌకర్యం ప్రభుత్వాలకు ఇంకెంతకాలం ఉంటుంది?

గుంటూరు పాఠకుడు

ఆ మాట ఒప్పుకుంటాను. దానికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు: సాగరతీరం

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. దూరపు యుద్ధం ఇంటి గుమ్మానికి రావడమంటే ఏమిటో మా ఊరికి రెండుసార్లు తెలిసింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మూటాముల్లె సర్దుకుని పల్లెలకు వెళ్లిపోయిన సంగతి మా నాయనమ్మ చివరి వరకు చెప్పేది.

రెండోసారి నాకు పదేళ్లు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి మా తీరానికి దగ్గరలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకుని కూర్చున్నాం. అయినా పెద్దవాళ్లను అంతకన్నా భయపెట్టింది, అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతానికి పంపిందన్న వార్త. మా నాన్నగారు రేడియో ముందు నుంచి లేచేవారు కాదు. ఇక రష్యా, చైనా కూడా దిగుతాయని, ప్రపంచ యుద్ధం మన సముద్రంలోనే మొదలవుతుందని వీధి అరుగుల మీద అనుకునేవారు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే పాతపటాలు గారి మాటకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం లేదు. అమెరికా అండతో ఏర్పడిన సీటో, సెంటో అనే రెండు సైనిక కూటములలోనూ పాకిస్తాన్ సభ్యదేశం; ఏ కూటమీ దాని కోసం యుద్ధానికి రాలేదు. సరిహద్దులో సేనలను కదపమని అమెరికాలోని నిక్సన్ ప్రభుత్వం చైనాను ప్రోత్సహించింది, చైనా కదపలేదు. ఇక మనకు అండ అని మనమందరం నమ్మిన 1971 ఆగస్టు 9 నాటి భారత-సోవియట్ ఒప్పందంలోని తొమ్మిదవ అధికరణం చదివితే, ఒకరిపై దాడి గానీ దాడి ముప్పు గానీ ఏర్పడితే వెంటనే పరస్పరం సంప్రదించుకుంటామని ఉంటుంది. పోలండ్ నేడు కోరినదీ ఇంచుమించు అదే. సోవియట్ యుద్ధనౌకలు అమెరికా నౌకలను వెంబడించడానికి ఒప్పందంలోని అక్షరాల కన్నా, అమెరికా ఎంతవరకు వెళుతుందో చూద్దామన్న లెక్కే కారణమై ఉండాలి. అమెరికా నౌకలు బంగాళాఖాతంలోకి వచ్చేసరికి యుద్ధం ముగింపుకు వచ్చింది; డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రంపై సంతకాలయ్యాయి. ఆ యుద్ధం మరో రెండు నెలలు సాగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఉక్రెయిన్ యుద్ధం విషయంలో నాకున్న భయం కూడా ఈ కాలం గురించే. పదమూడు రోజులు నిగ్రహం పాటించడం వేరు, ఏళ్ల తరబడి పాటించడం వేరు.

జవాబు: నిజామాబాదు వలస

పెద్ద శక్తులు దిగుతాయా లేదా అని చర్చిస్తున్నాం. మనవాళ్లు ఎప్పుడో దిగారు. సహాయకుడి పని, కాపలా పని అని చెప్పి ఏజెంట్లు తీసుకువెళ్లిన భారతీయ యువకులను రష్యా సైన్యంలో చేర్చి యుద్ధరంగానికి పంపారు. వారిలో హైదరాబాదు యువకుడొకరు చనిపోయినట్లు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. ఆ వెంటనే సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టి పలు నగరాలలో సోదాలు చేసింది, జూలైలో ప్రధాని మాస్కో వెళ్లినప్పుడు ఈ విషయం పుతిన్ ముందు పెట్టారు. గల్ఫ్ ఏజెంట్లను నమ్మి మోసపోయిన ఊళ్లలో పుట్టినవాడిని కాబట్టి నాకు ఈ సంగతే ముందు గుర్తుకు వస్తుంది. మాస్టారూ, మీ పాప చదువుకుంటున్న పిల్ల, ఆమె సంగతి వేరు. కానీ అక్కడ పార్ట్‌టైమ్ పని పేరుతో సరిహద్దు వైపు గిడ్డంగులకు గానీ రవాణాకు గానీ ఎవరైనా రమ్మంటే, జీతం ఎంత ఇచ్చినా వెళ్లవద్దని గట్టిగా చెప్పండి.

ఖమ్మం మాస్టారు

అందరికీ నమస్కారములు. ఈ జవాబులను మా తమ్ముడికీ మరదలికీ చదివి వినిపించాను. పణిక్కర్ సంగతి పాఠం చెప్పిన అన్నేళ్లలో ఒక్కసారి కూడా పిల్లలకు చెప్పలేదని తలచుకుని సిగ్గుపడ్డాను.

2022లో ఉక్రెయిన్ నుంచి మన విద్యార్థులను ఆపరేషన్ గంగలో తీసుకువచ్చినప్పుడు, వారిలో చాలామంది సరిహద్దు దాటి పోలండ్‌లోని జెషుఫ్ నుంచే విమానం ఎక్కారు. ఆనాడు ప్రాణాలు దక్కించుకోవడానికి చేరిన దేశం నుంచి ఈనాడు పిల్లను వెనక్కి పిలవాలా అని మరదలు అడిగితే, తమ్ముడు మారు మాట్లాడలేదు. ప్రస్తుతానికి చదువు కొనసాగించాలని నిర్ణయించాం. వార్సాలోని భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోమని, పాస్‌పోర్టు, కొంత నగదు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉంచుకోమని చెప్పాం. నిజామాబాదు వారి హెచ్చరికను చెప్పినప్పుడు మాత్రం పిల్ల కొంతసేపు మౌనంగా ఉండి, తన గదిలో ఉండే స్నేహితురాలికి అలాంటి పని ఒకటి వచ్చిందని చెప్పింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మిర్యాలగూడ వారట. వారి ఫోను నంబరు పంపమన్నాను.